కన్నార్పని ఈస్టు

ప్రాణమున్న ప్రతి జీవీ ఆ సంగతి ముందుగా ప్రభుత్వానికి తెలియజేసి, ఆ తర్వాతే ఊపిరి పీల్చుకోవాలి. మనుషులు ఈ నియమానికి ఎప్పుడో అలవాటు పడ్డారు. మొన్న మా ఊరు పెద్దమందడిలో ఈస్టు వంతు వచ్చింది.

మా సాంసన్ బిడ్డ నిరోష పెద్ద చదువు చదివి, రేకుల షెడ్డులో ఒక డ్రమ్ము పెట్టింది. అందులో ఉన్నది ఈస్టు. రొట్టెను పొంగించే, కంటికి కనిపించని జీవి. దాని జన్యువుల్ని కాస్త మార్చారట. ఇంత ఆమ్లం, ఇంత ఆల్కహాలు పోస్తే రెంటికీ పెళ్లి చేసి ఎస్టర్ తయారుచేస్తుంది. ఎస్టర్ అంటే, అరటిపండు లేని అరటిపండు వాసన. (కోతులు మందగా వచ్చి, డ్రమ్మంతా తడిమి, పండు దొరక్క మమ్మల్ని అనుమానంగా చూసి పోయేవి.) గద్వాలలో సోడాలు చేసే ఒకాయన మొదటి సరుకు సోమవారానికల్లా కావాలన్నాడు.

అంతలో సూక్ష్మ శ్రామిక జీవుల తనిఖీ అధికారి కురుమూర్తి గారు వేంచేశారు.

“ఇయ్యి బతికున్నయా, సచ్చినయా?”

“బతికే ఉన్నయి సార్. పని చేస్తున్నయి గద!”

“బతికున్నయంటే యాప్‌ల మొఖం చూపియ్యాలె.”

నిరోష సూక్ష్మదర్శిని పెట్టింది. ఆయన దానికి ఫోను ఆనించారు. “దయచేసి కన్నార్పండి,” అంది యాప్. ఈస్టు ఆర్పలేదు. మళ్లీ అడిగింది. ఈసారీ ఆర్పలేదు గానీ, మధ్యలో ఒక పిల్లను పెట్టింది. (చిత్రంలో అపరిచిత వ్యక్తి ప్రవేశించినందున యాప్ మూసుకుంది.)

సిగ్నల్ కోసం ఆయన షెడ్డు వెనక్కి నడిచారు. వేలిముద్రలు అరిగి పింఛను ఆగిపోయిన పక్కింటి హన్మమ్మ ఆ సందులో వచ్చి, డ్రమ్ములో చెంబు ముంచింది.

“ఏం జేస్తున్నవ్ పెద్దమ్మా?”

“పెరుగు తోడు పక్కింట్ల ఇంత ఉంచుకుంటమా లేదా? గిది గూడ గంతే. నువ్వు ఊకో బిడ్డా.”

కురుమూర్తి గారు తిరిగొచ్చి డ్రమ్ముకు సీలు వేశారు.

“సార్, తిండి లేకుంటే గీ ఎండలకు సస్తయి. సోడాల అన్న ఇంకోలను చూసుకుంటడు. జర బెల్లం నీళ్లన్న పొయ్యనియ్యుండ్రి.”

“ముందుగాల బతికున్నట్టు తేలాలె. తేలినంక తినిపియ్యి.”

ఆదివారానికి డ్రమ్ములో ఒక్కటీ ప్రాణాలతో మిగల్లేదు. కురుమూర్తి గారు మూత తీసి, ముక్కు మూసుకుని, ఎంతో ఊరట చెందారు.

“సచ్చినయా! గా ముచ్చట మొదలే జెప్తే గింత పరేషాన్ ఉండకపోతుండె. సచ్చినవాటితోని మాకేం పంచాయితీ లేదు.”

అక్కడికక్కడే ముద్ర వేసి అనుమతి ఇచ్చారు. చనిపోయిన సదరు ఈస్టు యథావిధిగా విధులు నిర్వర్తించుకోవచ్చును.

ఆయన బండి మలుపు తిరిగిందో లేదో, హన్మమ్మ పిలిచింది. బెల్లం నీళ్లు తాగి తాగి ఆమె ఇంట్లో చెంబు బిందె అయింది, బిందె గోలెం అయింది, గోలెం వాకిట్లోకి పొంగింది. అక్కడ కోతులు భోజనాల బంతిలో కూర్చున్నాయి. ఆ ఈస్టే మళ్లీ డ్రమ్ములోకి చేరి పనిలో దిగింది, సోమవారం సరుకు గద్వాల చేరింది.

రికార్డుల ప్రకారం ఆ షెడ్డులో పనిచేసేవాళ్లంతా ఇప్పుడు చచ్చినవాళ్లే. కాబట్టి వాళ్ల వ్యవహారం సక్రమంగా ఉంది. హన్మమ్మ మాత్రం పింఛను కోసం ఫోను ముందు ఇంకా కన్నార్పుతూనే ఉంది.