సన్మాన పత్రంలో ఖాళీలు

టైపమ్మ ఆ రోజు ఆఫీసుకు అరగంట ముందే వచ్చింది. పదింటికల్లా సన్మాన పత్రం టైపు చేసేయాలి, పదకొండింటికల్లా అచ్చు తీయించాలి, మూడింటికి సభ మొదలయ్యేలోపు తలనొప్పని చెప్పి ఇంటికి జారుకోవాలి. ఇదీ ఆమె పథకం. నీటి సరఫరా కార్యాలయంలో ఇరవై ఆరేళ్లుగా టైపు చేస్తున్న మనిషికి ఒక్క పేజీ పత్రం లెక్కలోది కాదు. అయితే ఆ పత్రం ఎవరికన్న దగ్గరే వచ్చింది చిక్కు.

రిటైరవుతున్నది రికార్డక్క. రికార్డు రూము తాళాలు ముప్ఫై రెండేళ్లుగా మోస్తున్న ఆవిడ. ఒకప్పుడు ఇద్దరూ ఒకే క్యారేజీలో తిన్నవాళ్లు. ఆరేళ్ల కిందట పెద్ద తనిఖీ నాడు ఊరి పాత పైపుల నక్షా కనిపించలేదు. "నేను తిరిగిచ్చేశానండీ. అక్కే ఎక్కడో పోగొట్టి ఉంటుంది" అని టైపమ్మ అందరి ముందూ అనేసింది. రికార్డక్కకి మెమో వచ్చింది. అంతే, ఆ రోజుతో మాటలు ఆగిపోయాయి. రెండు గదుల మధ్య ఉన్నది పదడుగుల వరండాయే అయినా, "ఫైలు నంబరు 212 కావలెను" అని ఇటునుంచి చీటీ వెళ్లేది. "వచ్చి తీసుకొనవలెను" అని అటునుంచి చీటీ వచ్చేది.

నాలుగు నెలల తర్వాత బల్ల సొరుగు ఇరుక్కుపోతే టైపమ్మ బలంగా బయటికి లాగింది. నక్షా దాని వెనకాలే నలిగి పడి ఉంది. భోజనాల వేళ ఎవరూ లేకుండా చూసి, దాన్ని రికార్డు రూములో ఒక బీరువా మీద పెట్టి వచ్చేసింది. నక్షా దొరికిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మెమో మాత్రం రికార్డక్క సర్వీసు పుస్తకంలో అలాగే ఉండిపోయింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే టైపమ్మ ఆరేళ్లు గడిపేసింది. ఇప్పుడిక రేపన్నది లేదు.

"విధి నిర్వహణలో మీరు చూపిన అంకితభావం" దాకా వేళ్లు బుద్ధిగానే నడిచాయి. ఆ తర్వాత ఆమెను అడగకుండానే అక్కడ ఐదారు లైన్లు పడ్డాయి. చదువుకుని గాభరాపడి, వెంటనే తుడిచేసింది. ఇంకో పేరా అయ్యాక మళ్లీ పడ్డాయి. మళ్లీ తుడిచింది. చివర్లో మూడోసారి కూడా.

టైపమ్మ తుడిచే పద్ధతి గురించి ఇక్కడ చెప్పుకోవాలి. ఆమె నేర్చుకున్నది టైపు మిషను మీద. తప్పు పడితే వైట్నర్ పూయాలి, ఆరనివ్వాలి, ముందుకు పోవాలి. పదహారేళ్ల కిందట ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు, అక్షరాల రంగులు మార్చే చోట తెల్లరంగు కనిపించింది. వైట్నర్ ఇందులోనే పెట్టారు, ఎంత తెలివైనవాళ్లో అని ఆమె మెచ్చుకుంది. ఆనాటి నుంచీ వద్దనుకున్న లైన్లన్నిటికీ తెల్లరంగు పూస్తూనే ఉంది. కాగితమూ తెలుపే కాబట్టి ఇన్నేళ్లలో ఎవరికీ తెలిసిరాలేదు. పూసినచోట ఖాళీ మిగులుతుంది, నిజమే. వైట్నర్ పూస్తే ఖాళీ మిగలక ఏమవుతుంది?

అయితే ఈ రోజు ఆ ఖాళీలే కొంప ముంచాయి. ఫ్రేములో పట్టేది ఒక్క పేజీ. పత్రం రెండో పేజీలోకి పోయింది. టైపమ్మ అక్షరాల సైజు పద్నాలుగు నుంచి తొమ్మిదికి దించి, అచ్చు తీసి ఆఫీసరు గారికి చూపించింది.

"ఇదేంటమ్మా, మందు సీసాతో వచ్చే కాగితంలా ఉంది? పత్రంతో పాటు ఆవిడకి భూతద్దం కూడా ఇద్దామా?" అన్నారు ఆఫీసరు గారు. అంతలో ఆయన చూపు ఖాళీల మీద పడింది. "ఓహో! స్టాఫంతా సంతకాలు పెట్టడానికి చోటు వదిలారా? భేష్! ఇంత ముందుచూపు ఈ ఆఫీసులో ఇంకెవరికుంది?"

"అంటే సార్... అదీ..."

"ఖాళీలు అలాగే ఉంచండి. అక్షరాలు మాత్రం పెద్దవి చేయించండి."

అక్షరాలు పెద్దవి చేస్తే ఖాళీలూ పెద్దవయ్యాయి. పత్రం మూడు పేజీలకు పాకింది. చేసేది లేక టైపమ్మ ఆ ఫైలును స్టోర్సు బాబాయికి పంపింది. ఆయన స్టోర్సు గుమాస్తా. ఆఫీసు మొత్తానికి మంచి ప్రింటరు ఆయన గదిలోనే ఉంది. కంప్యూటర్లకు వచ్చే రోగాలన్నిటికీ తానే వైద్యుడినన్న నమ్మకం కూడా ఆయనకు దండిగా ఉంది. పావుగంటలో ఫోను మోగింది.

"అమ్మాయ్, నీ ఫాంటు నా దగ్గర లేదు. ఒత్తులన్నీ అక్షరాల కింద నుంచి లేచొచ్చి పక్కన నిలబడ్డాయి."

"ఏదో ఒక ఫాంటు పెట్టండి బాబాయి గారూ. ఆ ఖాళీలు మాత్రం మూసేయండి."

"ఖాళీలు ఉంచమని ఆఫీసరు గారు ఇప్పుడే చెప్పి వెళ్లారే!"

"ఉంచితే పేజీలో పట్టదండీ. మూసేయండి."

"సరేలే. అసలు వాటిలో ఏముందమ్మా?"

"ఏమీ లేదు!" అంది టైపమ్మ, అవసరమైన దానికంటే గట్టిగా.

స్టోర్సు బాబాయి నడుం బిగించాడు. ఫాంటు మారిస్తే శీర్షిక పేజీ అడుక్కి దిగిపోయింది. దాన్ని పైకి లాగితే ఆఫీసరు గారి హోదా రెండు ముక్కలైంది. అందంగా ఉంటుందని పూల అంచు పెట్టబోతే, అది పేజీని వదిలేసి ఒక్కో పేరాకీ విడివిడిగా చుట్టుకుంది. చివరికి ఆయన తన అమ్ములపొదిలోని ఆఖరి అస్త్రం తీశాడు. మొత్తం సెలెక్ట్ చేసి, క్లియర్ ఫార్మాటింగ్ నొక్కాడు.

పూలు పోయాయి, అంచులు పోయాయి, రంగులు పోయాయి, పెద్ద సైజులూ పోయాయి. ఖాళీలు కూడా పోయాయి. ఎక్కడికక్కడ నల్లటి అక్షరాలు నిండుగా, ఒక్క పేజీలో కుదురుగా సర్దుకున్నాయి. ఆయన తన హస్తవాసికి తానే మురిసిపోయాడు. చదవలేదు. చదివితే తప్పులు దొరుకుతాయని, దొరికితే దిద్దాల్సి వస్తుందని ఆయన ఎప్పుడూ ఏదీ చదివేవాడు కాదు. మందపాటి కాగితం మీద అచ్చు తీశాడు.

సంతకాలకని జనం పెన్నులతో వరసకట్టారు. ఖాళీలు లేకపోయేసరికి అడుగున, అంచుల్లో, దొరికినచోటల్లా పెట్టారు. సంతకానికి ముందు చదవడమంటే ఆ ఆఫీసులో రాసినవాళ్లను అనుమానించినట్టే. పదిహేడు మంది అయ్యాక ఆఫీసరు గారు తేదీ వేసి సంతకం చేసి, అలవాటు చొప్పున గుండ్రటి ముద్ర కూడా వేశారు.

రెండున్నరకు టైపమ్మ స్టోర్సుకు వెళ్లేసరికి పత్రం ఫ్రేములో బిగిసి, రంగు కాగితంలో చుట్టుకుని ఉంది.

"ఖాళీలన్నీ నిండిపోయాయమ్మాయ్! చూడముచ్చటగా వచ్చింది" అన్నాడు స్టోర్సు బాబాయి.

"నిండిపోయాయా? వేటితో?"

"నీ మాటలతోనే! నేనేమన్నా కవినా, సొంతంగా రాయడానికి?"

టైపమ్మ తన గదికి పరుగెత్తి ఫైలు తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసింది. ముదురు పట్టీలో తెల్ల అక్షరాలు ఒక్కొక్కటీ పైకి తేలాయి. పదహారేళ్లుగా తాను తుడిచిందేమీ తుడుచుకుపోలేదని అప్పుడు తెలిసింది. తలనొప్పి నిజంగానే వచ్చింది. ఇంటికి వెళ్లే వీలు మాత్రం లేదు.

ఆమె సభ గదికి చేరేసరికి పొట్లం ఆఫీసరు గారి చంకలో ఉంది.

"సార్, పత్రంలో చిన్న తప్పుంది. ఒక్కసారి ఇటివ్వండి."

"పద్దెనిమిది మంది సంతకాలు పెట్టాక తప్పేంటమ్మా? నేనూ పెట్టాను కదా. అన్నట్టు, చదవాల్సింది మీరే. రాసినవాళ్లు చదివితేనే నిండుగా ఉంటుంది."

ఫ్రేము చేతికొచ్చింది. టైపమ్మ నిలబడి, అంకితభావం దాకా చదివి ఆగింది. దాటేయవచ్చు. ఆ ఐదారు లైన్లు మింగేసి తర్వాతి పేరా అందుకుంటే ఎవరికీ తెలియదు. కానీ సాయంత్రం ఇదే ఫ్రేము రికార్డక్క ఇంటికి వెళుతుంది. ముందు వరసలో కూర్చున్న రికార్డక్క, తాళాలు అప్పగించేసిన ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని ఆమెనే చూస్తోంది. మొహాన చెప్పలేని మాట గోడకు తగిలించి చెప్పడం టైపమ్మకు సిగ్గనిపించింది. చదివింది.

"అక్కా, ఆ నక్షా నువ్వు పోగొట్టలేదు. నా సొరుగు వెనకాలే పడి ఉంది. దొరికిన రోజే నీ దగ్గరికి రావాల్సింది. భయపడ్డాను. నీకొచ్చిన మెమో నాది."

ఆమె ఇక ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టగలనన్న ధైర్యం లేదు. "నువ్వు లేకుండా ఒక్కదాన్నే తినడం ఈ రోజుకీ అలవాటు కాలేదు" అన్నది చదివింది. అదే ఊపులో మూడోదీ చదివేసింది. "ఆఫీసరు గారు రెండు ముక్కలంటూ లేచి నలభై నిమిషాలు మాట్లాడతారు. ఈ ఒక్కసారికి ఓర్చుకో." దాని కిందే ఆయన సంతకం, తేదీ, ముద్ర.

రికార్డక్క లేచి వచ్చి ఫ్రేము అందుకుంది.

"తెలుసు" అంది.

"ఏం తెలుసక్కా?"

"నువ్వు నక్షా పెట్టిన రోజు నేను బీరువా వెనకాలే ఉన్నా, కింద పడ్డ తాళం వెతుక్కుంటూ. నువ్వు చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చావు."

"మరి అప్పుడే అడగలేదేం?"

"నువ్వే చెబుతావని చూశానే. మర్నాడు చీటీ పంపావు. ఫైలు నంబరు 340 కావలెను అని." రికార్డక్క ఫ్రేమును చంకకు మార్చుకుంది. "నేనూ ఊరుకోలేదులే. నీ సెక్షను ఫైళ్లన్నీ పై అరకు ఎక్కించింది చెదలకి భయపడి కాదు. ఆరేళ్లూ నువ్వు స్టూలెక్కి దిగుతుంటే చూసి నా కడుపు చల్లబడేది."

టైపమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రికార్డక్క ఆఫీసరు గారి వైపు తిరిగింది.

"సార్, ఈ పత్రం నకలు ఒకటి నా సర్వీసు పుస్తకంలో పెట్టించండి. మెమో ఎవరిదో ఇందులో స్పష్టంగా ఉంది. సంతకమూ ముద్రా మీవే."

చదవకుండా సంతకం పెట్టానని అంతమంది ముందు ఏ ఆఫీసరూ అనలేడు. రికార్డక్క మెమో రద్దయింది. టైపమ్మకు కొత్త మెమో వచ్చింది. దాన్ని ఆమే టైపు చేసుకుని, ఒక్క అక్షరమైనా తుడవకుండా తీసుకుంది. ఆ రోజు ఆఫీసరు గారి ఉపన్యాసం మాత్రం నాలుగు నిమిషాల్లో ముగిసింది.

ఎదురెదురు గదుల్లో ఆరేళ్లు మాట్లాడుకోని ఆ ఇద్దరూ ఇప్పుడు రోజూ గంటసేపు ఫోనులో మాట్లాడుకుంటున్నారు, అదీ సరిగ్గా పనివేళల్లో. దీనికి సంజాయిషీ అడుగుతూ నోటీసు ఇవ్వాలని ఆఫీసరు గారు రెండుసార్లు అనుకున్నారు గానీ, టైపు చేయాల్సిన మనిషి ఎప్పుడు చూసినా ఫోనులోనే ఉంటోంది.