వానతో పనిలేని చెరువు

వాన పడితేనే చెరువు నిండుతుందన్న మూఢనమ్మకాన్ని మనం ఇంకెన్నాళ్లు మోస్తాం? కూరగాయలు ఫోన్లో వస్తున్నాయి, పెళ్లి సంబంధాలు ఫోన్లో వస్తున్నాయి. చెరువుకు మాత్రం ఇప్పటికీ మేఘమే రావాలా!

అసలు మేఘానికి ఒక ఫోన్ నంబరుందా? ఆఫీసుందా? రాకపోతే నిలదీయడానికి ఒక మేనేజరున్నాడా? అలాంటి బాధ్యత లేనిదాన్ని నమ్ముకుని మన పెద్దలు తరతరాలుగా నాట్లు వేశారంటే, వాళ్ల అమాయకత్వానికి నాకు జాలేస్తుంది.

నల్గొండలో ఫ్యాను కింద కూర్చుని ఏదేదో రాస్తున్నాడనుకోకండి. కట్టంగూర్ దాటి లోపలికి పోతే బోడగుట్టపల్లి అనే ఊరుంది. ఆ ఊరి చెరువుకూ వానకూ తెగతెంపులైపోయాయి. ఇప్పుడు దాన్ని గ్రానైట్ క్వారీ నింపుతోంది. ముంజేతి కంకణానికి అద్దమెందుకు, పోయి చూడండి. పోలేనివాళ్ల కోసం పోచయ్య సంగతి చెబుతాను.

పోచయ్యకు ఆ చెరువు కింద రెండెకరాల పొలం. మనిషి మంచివాడే గాని, అభివృద్ధి అంటే పడదు. క్వారీవాళ్లు పనికిరాని బండలన్నీ తెచ్చి చెరువులోకి నీళ్లొచ్చే వాగుకు అడ్డంగా పోస్తే, సంతోషించకుండా పోయి టిప్పర్ ముందు పడుకున్నాడు. ఊరి గుట్ట బోడిగా ఉందని ఇంకో గుట్ట ఉచితంగా కట్టిస్తున్నారు కదా, అన్న ఆలోచనే లేదు! భార్య యాదలక్ష్మి వచ్చి రెక్క పట్టి ఇంటికి గుంజుకుపోయింది.

వాగు మూసుకుపోయాక చెరువు ఎండింది. అందులోనూ లాభమే. నీళ్లు లేకపోతే దోమలుండవు, చేపల సంఘం ఉండదు, సంఘం లేకపోతే కొట్లాటలుండవు. ఇక పగటిపూట క్వారీలో బాంబు పేలిందంటే ఊరంతా ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. ఇంతటి ఐకమత్యం ఏ పండక్కి వస్తుంది చెప్పండి? గోడలు పగిలినవాళ్లకు గాలి కూడా ధారాళంగా వస్తోంది.

పోచయ్య మాత్రం పొలం బీడుపెట్టి, నల్గొండ బత్తాయి మార్కెట్‌లో హమాలీ పనికి పోయాడు. యాదలక్ష్మి రేషన్ బియ్యం వండుతూ, చెరువు దిక్కు చూడటమే మానేసింది.

అలాంటి రోజుల్లో, ఆకాశంలో మబ్బుతునక లేని పుష్యమాసంలో, చెరువు నిండింది!

జరిగింది చాలా మామూలు విషయం. క్వారీ గుంతలో నీళ్లు ఊరి, అడుగు రాయి కోయడానికి అడ్డమయ్యాయి. పెద్ద మోటారు పెట్టి తోడి, ఎక్కడ పారబోయాలో తెలియక ఎండిన చెరువులో పారబోశారు. నీళ్లు రాతిపొడితో మజ్జిగలా తెల్లగా ఉన్నాయి. అయితేనేం? నవ్విన నాపచేనే పండుతుందని పోచయ్య మార్కెట్ పని విడిచిపెట్టి ఉరుకుతూ ఊరికొచ్చాడు.

చెరువు నిండితే కట్ట మైసమ్మకు యాటను కోయడం ఆ ఊరి ఆనవాయితీ. ఆ యాట తలకాయ, తూము ఎత్తి పొలాలకు నీళ్లు విడిచే నీరటికి చెందుతుంది. ఈసారి ఊరికి ధర్మసందేహం వచ్చింది. నీళ్లు తెచ్చింది నీరటి కాదాయె!

"ఎవ్వలు నీళ్లిస్తే ఆయనకే తలకాయ. గదే న్యాయం," అని పోచయ్యే తేల్చేశాడు.

మేళతాళాలతో తలకాయను క్వారీ ఆఫీసుకు తీసుకుపోయారు. మేనేజరు అమరేందర్ నీసు ముట్టరు. అయినా ప్రజాభిమానాన్ని కాదనలేక, పళ్లెం అందుకుని, ముఖం అటు తిప్పుకుని ఫొటో దిగారు. అదీ సంస్కారమంటే!

పోచయ్య నాటేశాడు. మొగుడూ పెళ్లాలిద్దరూ గట్టు మీదనే బతికారు. వరి పొట్టకొచ్చింది. ఈ ఏడు సొంత బియ్యమే తింటామని యాదలక్ష్మి వాడంతా చెప్పుకొచ్చింది.

అప్పుడే మోటారు చెడిపోయి ఆగింది. ఆగిన మర్నాటికే చెరువు నడుం దాకా దిగింది. పోచయ్య క్వారీకి ఉరికాడు. చూస్తే గుంత నిండా నీళ్లు!

"పరేషాన్ గాకు పోచయ్యా," అన్నారు అమరేందర్. "బాంబులకు కింద బండ పగిలింది. చెరువు నీళ్లు గా సందులకెళ్లి మళ్ల మా గుంతలకే వస్తయ్. మోటర్ బాగైతే మళ్ల తోడి పోస్తం."

చూశారా! వానదైతే కురిసి, పారి, ఏటో పోయే నీరు. ఇక్కడ చుక్క దుబారా లేదు. గుంతలోంచి చెరువులోకి, చెరువులోంచి గుంతలోకి! రీసైక్లింగ్ అంటూ పట్నాల్లో గొంతు చించుకునేవాళ్లు ఇక్కడికొచ్చి నేర్చుకోవాలి.

అమరేందర్ ఇంకో మాట కూడా చెప్పారు. "గానీ గీ గుంతల రాయి అయిపోవచ్చింది. పక్కన తవ్వనీకి పర్మిషన్ రాకుంటే పని బంద్. పని బందైతే మోటర్ ఎందుకు నడుపుతం?"

"అయ్యో, నా వరి పొట్ట మీదున్నది గదయ్యా!"

"నా చేతుల ఏమున్నది? మీటింగ్ పెడుతున్నరు. ఆడ చెప్పు."

మీటింగ్ బడి ఆవరణలో షామియానా కింద జరిగింది. క్వారీ పెంచడం మీద జనం ఏమంటారో వినడానికి జిల్లా నుంచి ఒక మేడమ్ వచ్చారు. పోచయ్య లేచి మైకు అందుకున్నాడు. టిప్పర్ ముందు పడుకున్న మనిషి కదా, ఏం గొడవ చేస్తాడోనని కానిస్టేబుల్ కూడా దగ్గరికి జరిగాడు.

"తవ్వుర్రి మేడమ్! జల్ది పర్మిషన్ ఇయ్యుర్రి. పగలు తవ్వుర్రి, రాత్రి తవ్వుర్రి, ఎన్ని బాంబులైన పేల్చుకోర్రి. మోటర్ మాత్రం బంద్ చెయ్యకుర్రి. మీ కాళ్లు మొక్కుత, నా వరి సచ్చిపోతాంది!"

చప్పట్లు మొదట కొట్టింది అమరేందరే. ఎంత సంతోషకరమైన దృశ్యం! నష్టపోయినవాడే నిలబడి, ఇంకా నష్టపెట్టమని దండం పెడుతున్నాడు. ఇంతటి ప్రజామద్దతు ఏ ప్రాజెక్టుకు దొరుకుతుంది? యాదలక్ష్మి ఎందుకో కొంగు నోట్లో కుక్కుకుని తల వంచుకుంది. ఆడవాళ్లకు ఇలాంటివి అర్థం కావు లెండి.

మేడమ్ కొత్తగా వచ్చినట్టుంది, అడగకూడని మాట అడిగింది. "క్వారీ రాకముందు మీ చెరువును ఎవరు నింపేవారండీ?"

పోచయ్య మేడమ్ వైపు తిరిగాడు.

"ఎవ్వలు నింపుతరు మేడమ్? వాన పడితే వాగొచ్చేది, వాగొస్తే నిండేది. ఎవ్వల కాళ్లు మొక్కే పనే లేకుండె."

ఆ మాట షామియానాలో ఎవరికీ వినబడలేదు. మైకు అప్పటికే అమరేందర్ చేతికి పోయింది.