స్టాకు నంబరు వేసిన సముద్రం

భూగోళం టీచరు చనిపోయిన రోజున మా బడికి ఒక పూట సెలవు ఇచ్చారు. రెండో పూట లెక్కల పరీక్ష ఉన్నందువల్ల, దుఃఖాన్ని భోజనం గంటకల్లా ముగించవలసిందిగా సర్క్యులర్ వచ్చింది. మా పిల్లలు క్రమశిక్షణ గలవాళ్ళు. గంట కొట్టేసరికి కళ్ళు తుడుచుకుని వరసలో నిలబడ్డారు.

సంతాప సభలో బడి కమిటీ అధ్యక్షులవారు చాలా బాగా మాట్లాడారు. ఆవిడ లేని లోటు ఎన్నటికీ తీరదన్నారు. అదే మైకులో, ఆ లోటు తీర్చడానికి ఒక ఉపసంఘాన్ని వేస్తున్నట్టు ప్రకటించారు. కొత్త టీచరును తీసుకుంటే జీతం, సెలవులు, జలుబు వగైరా ఉంటాయి. అందుచేత ఆ స్థానంలో ఒక వీఆర్ హెడ్‌సెట్‌ను నియమించాలని తీర్మానమైంది. కళ్ళకు తగిలించుకుంటే, ఉన్నచోటే చుట్టూ కొండలూ సముద్రాలూ కనిపించే యంత్రం అది. ఉపసంఘానికి నన్ను కన్వీనరుగా వేశారు. అదే బడిలో నేను భాష చెబుతాను. ఆవిడ నా భార్య. భర్తకైతే ఆవిడ పాఠాలు బాగా తెలిసి ఉంటాయని కమిటీవారి ఉద్దేశం. సబబైన ఉద్దేశమే.

ఆ యంత్రం అమ్మే కంపెనీవారు అంతకు ముందు ఏడాదే నమూనా కోసం ఆవిడ పాఠం ఒకటి చిత్రీకరించారు. ఆటుపోట్ల పాఠం. అప్పటి ఎనిమిదో తరగతిని సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళి, తడి ఇసుకలో మడతకుర్చీ వేసుకుని చెప్పింది. అప్పటికే నిలబడే ఓపిక లేదు. ఆ పాఠం ఇప్పుడు ఈ యంత్రంలో తప్ప ఎక్కడా లేదు. తమ దగ్గరున్న ప్రతిని చెరిపేశామనీ, తమ పద్ధతి అదేననీ కంపెనీవారు మర్యాదగా తెలియజేశారు. మా ఇంట్లో ఒకరినొకరు వీడియో తీసుకునే అలవాటు లేదు.

యంత్రం వచ్చింది. మా బడిలో ఏ వస్తువైనా ముందు స్టాకు గుమస్తా చేతిమీదుగా నంబరు వేయించుకోవాలి. నంబరు లేని వస్తువు లేనట్టే లెక్క. గుమస్తా నిష్ఠగల మనిషి. గోడ గడియారానికి పన్నెండు అంకె మీద నంబరు అంటించాడు కాబట్టి మా బడికి ఎన్నడూ పన్నెండు కాదు. భూగోళపు నమూనా మీద ఒక దేశం మొత్తం ఆయన నంబరు కిందే ఉంది. "ఈ దేశం పేరు రెండు వందల పద్నాలుగు. రాజధాని స్టాకు గది. ముఖ్యమైన పంట, జిగురు," అని ఆవిడ పాఠం చెప్పేది. గుమస్తా కూడా తలుపు దగ్గర నిలబడి విని నవ్వేవాడు. నవ్వి, ఆ నంబరు అంచు లేచిందేమోనని వేలితో ఒత్తి వెళ్ళేవాడు.

యంత్రానికి బయట అంటిస్తే పిల్లల చేతులు తగిలి అరిగిపోతుందని, లోపల, రెండు అద్దాలకూ మధ్యన, దళసరి నల్ల చీటీ మీద తెల్ల అంకెలతో నంబరు అంటించాడు. ఎనిమిదో తరగతిని హాల్లో కూర్చోబెట్టి మీట నొక్కాం. యంత్రానికి పక్కన చిన్న స్పీకరు ఉంది. అందులోంచి అల విరిగిన చప్పుడు వచ్చింది. ఆ వెనకే ఆవిడ గొంతు: "వెనక వాళ్ళకి కనబడుతోందా?"

అంతే. చప్పుడు ఆగిపోయింది. లోపల చూస్తే నలుపు.

నివారణ చర్యలు వెంటనే మొదలయ్యాయి. ఛార్జింగు పెట్టారు. తీశారు. మళ్ళీ పెట్టారు. డ్రిల్లు మాస్టారు రెండు చేతులా పట్టుకుని కుదిపాడు. సంగీతం టీచరు చెవి దగ్గర పెట్టుకుని శ్రుతి బాగానే ఉందన్నది. హెడ్మాస్టరుగారు దానికి రెండు రోజులు విశ్రాంతి ఇమ్మన్నారు. ఆయన ఏ సమస్యకైనా ఇచ్చేది అదే. విశ్రాంతి తరువాత మీట నొక్కితే మళ్ళీ అల, మళ్ళీ "వెనక వాళ్ళకి కనబడుతోందా?", మళ్ళీ నలుపు. పిల్లలు ముక్తకంఠంతో "లేదు టీచర్!" అన్నారు. అడిగితే జవాబు చెప్పాలని నేర్పింది ఆవిడే.

కంపెనీ సహాయ కేంద్రానికి ఫోను చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది.

"లోపల అద్దాల మధ్యన చిన్న కన్నులాంటిది ఉంటుందండీ. దాని మీద ఏమైనా అడ్డం ఉందా?"

"స్టాకు నంబరు ఉందమ్మా."

"అదేనండీ! ఎదురుగా మొహం ఉందో లేదో చూసేది ఆ కన్నే. అది మూసుకుపోతే, చూసేవాళ్ళు ఎవరూ లేరనుకుని తెరా చప్పుడూ ఆపేస్తుంది. పీకేయండి సార్, సరిపోతుంది."

"పీకడానికి వీల్లేదమ్మా."

"అంత గట్టిగా అంటుకుందా?"

"లేదు. అంచు లేచే ఉంది."

ఆ అమ్మాయి ఫోను పెట్టేసింది. తరువాత, నా ఫిర్యాదు పరిష్కారమైనట్టు సందేశం వచ్చింది.

గుమస్తాను అడిగాను. ఆయన నొచ్చుకున్నాడు.

"మాస్టారూ, నాకు మాత్రం లేదంటారా చూడాలని? నంబరు ఊడితే వస్తువు లేనట్టే. లేని వస్తువు గదిలో కనబడితే తనిఖీవాళ్ళు తుక్కులో వేస్తారు. లోపలున్న మేడంగారితో సహా పోతుంది. అప్పుడేమంటారు?"

"ఇంకోచోట కొత్త నంబరు వెయ్యవయ్యా."

"పాతది రద్దు చెయ్యకుండానా? రద్దు చెయ్యాలంటే ఉపసంఘం కన్వీనరు సంతకం పెట్టాలి."

"కన్వీనరును నేనే కదా!"

"మీరు సొంత మనిషి. ఆవిడ భర్త. మీ సంతకం చెల్లదు."

భర్తనైనందుకే నాకు ఆ పదవి వచ్చింది. భర్తనైనందుకే పనికిరాలేదు. మరొకరిని వేయమని రాజీనామా ఇచ్చాను. ఆవిడ జ్ఞాపకార్థం దాన్ని తిరస్కరించారు.

ఈలోగా ప్రారంభోత్సవం ఆగలేదు. అధ్యక్షులవారు యంత్రం తగిలించుకుని, గోడవైపు తిరిగి, చీకట్లోనే ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా! ఏ టీచరు పాఠం చెప్పినా ఒకరికి అర్థమవుతుంది, ఒకరికి కాదు. ఈ సాంకేతికత ముందు మాత్రం ముందు బెంచీ లేదు, వెనక బెంచీ లేదు. అందరికీ ఒకేలా కనిపిస్తుంది!" అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. చప్పట్లు ఏ వైపు నుంచి వస్తున్నాయో తెలియక ఆయన బీరువాకు నమస్కారం చేశారు.

తరువాతి పరీక్షలో భూగోళానికి ఒకే ప్రశ్న ఇచ్చారు: నీవు యంత్రంలో చూసినదానిని వర్ణింపుము. పిల్లలందరూ "నలుపు" అని రాశారు. అందరికీ నిండు మార్కులు వచ్చాయి. ఆవిడ ఉన్న రోజుల్లో మా బడికి ఇలాంటి ఫలితాలు ఎప్పుడూ రాలేదని నివేదికలో రాశారు. అదీ నిజమే. ఆవిడ మార్కులు పిసినారితనంగా వేసేది.

ఫలితాలు చూడటానికి పక్క బళ్ళవాళ్ళు వస్తున్నారు. వచ్చినవాళ్ళు ముందు లోపలికి తొంగి చూసి, "ఇదేమిటి, గోటితో లాగెయ్యొచ్చుగా?" అంటారు. మీరే లాగండి అంటాం. వాళ్ళు తమ గోళ్ళు చూసుకుంటారు. ఆ తరువాత యంత్రంతో ఫొటో దిగి, తమ బడికీ ఒకటి తెప్పించుకుంటారు, నంబరు ఎక్కడ అంటించాలో మా గుమస్తాను అడిగి మరీ.

ఇంతవరకు చదివిన మీరు కూడా ఆ గోటి మాట ఎప్పుడో అనుకుని ఉంటారు. నేనూ అనుకున్నాను. రోజూ భోజనం గంటలో హాలుకు వెళ్ళి మీట నొక్కుతాను. అల విరుగుతుంది. ఆవిడ అడుగుతుంది. చీటీ అంచు మీద బొటనవేలు పెట్టి ఉంచుతాను. గుమస్తా తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. నన్ను ఆపడానికి కాదు, వినడానికే వస్తాడని ఈమధ్య తెలిసింది. ఇద్దరం నియమాలు తెలిసినవాళ్ళం. గంట కొట్టగానే ఎవరి గదికి వాళ్ళం వెళ్ళిపోతాం.

ఎనిమిదో తరగతికి ఆటుపోట్ల పాఠం ఇంకా జరగలేదు.