మా ఇంటికి తొంభై నాలుగు మార్కులు

ఇల్లనేది మనుషులు ఉండటానికి కట్టుకునేదన్న అపోహ మన జిల్లాల్లో ఇంకా ఉంది. ఇల్లు ఫోటో దిగడానికి ఉంటుంది. మనుషులు ఉండటమన్నది ఒక ఫోటోకీ ఇంకో ఫోటోకీ మధ్య జరిగే అనధికార వినియోగం మాత్రమే. ఈ సంగతి నాకు ‘సొంతగూడు’ యాప్ వారి ‘గృహ ముస్తాబు నియమావళి’ (మూడో కూర్పు, సవరణలతో) చదివాక తెలిసింది. అంతకు ముందు పద్నాలుగేళ్లు వనపర్తిలో ఒక ఇంట్లో ఊరికే ఉన్నాను.

ఆ ఇంటిని అమ్మాల్సి వచ్చింది. మా ఆయన శేఖర్‌కి నాగర్‌కర్నూల్ ఆఫీసుకు బదిలీ అయింది. అక్కడ ఒక ఇల్లు చూసుకున్నాం. దాని వంటగదికి కిటికీ ఉంది. (ఇక్కడి వంటగదికి లేదు. పద్నాలుగేళ్లుగా గోడను చూస్తూ పోపు పెడుతున్నాను. ఆ గోడకూ నాకూ మధ్య దాపరికాలేమీ లేవు.) అక్కడి ఇంటాయన బడులు తెరిచేదాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తాడు. అంటే జూన్ రెండో వారంలోగా మా ఇల్లు అమ్ముడుపోకపోతే కిటికీ వేరేవాళ్ల పాలు. అప్పటికి ఏప్రిల్ చివరి వారం.

మా ఆయన తన ఫోన్‌తో ఆరు ఫోటోలు తీసి యాప్‌లో పెట్టాడు. అర నిమిషంలో ముస్తాబు మార్కులు వచ్చాయి: నూటికి ముప్పై ఒకటి. తగ్గించిన మార్కులకు కారణాలు కూడా ఇచ్చారు. దండెం మీద బట్టలు: పన్నెండు. మంచం కింద ఉల్లిగడ్డలు: తొమ్మిది. వంటింట్లో మనిషి: పదిహేను. మిగిలినవి సిలిండరు, క్యాలెండరు, చీపురు పంచుకున్నాయి. ఆ వంటింట్లో మనిషిని నేనే. ఉల్లిగడ్డల కంటే ఆరు మార్కులు ఎక్కువ నష్టం చేశానని మా ఆయన ఆ పూటంతా గుర్తు చేస్తూనే ఉన్నాడు.

ముప్పై ఐదు రాని ఇళ్లకు యాప్ వారే ఒక అధికారిని పంపుతారు. మా ఇంటికి శ్రవణ్ కుమార్ అనే డివిజన్ స్థాయి ముస్తాబు అధికారి వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో కొలత టేపు. చెప్పులు విప్పకముందే గడప దగ్గర ఆగిపోయాడు.

“గిదేంది మేడం, పచ్చగ?”

“పసుపు.”

“ఫోటోల మరక లెక్క పడ్తది. తుడిపియ్యండి.”

“గడపకు పసుపు లేకుంటే ఎట్ల శ్రవణ్ గారూ?”

“కొనేటోళ్లు ఆళ్ల పసుపు ఆళ్లు పెట్టుకుంటరు మేడం. మన దిక్కు నుంచి గడప ఖాళీగ ఇయ్యాలె. రూలు నాలుగు.”

రూలు నాలుగు పెద్దది. గడపకు పసుపు కూడదు. వాకిట్లో ముగ్గు కూడదు (చూపును ఆపుతుంది). గుమ్మానికి మామిడాకులు కూడవు (ఎండినచో నిర్లక్ష్యం, పచ్చిగా ఉన్నచో ఆర్భాటం). గుమ్మం పైన దిష్టికి కట్టిన బూడిద గుమ్మడికాయను ‘వేలాడు కూరగాయలు’ అనే పద్దు కింద దించేశారు. దేవుడి పటాలన్నీ దిగివచ్చాయి. సోఫా, మంచం, కుర్చీలు పక్కింటి రేణుకమ్మ వరండాలోకి నడిచాయి.

“ఏందక్కా, ఇల్లు ఖాళీ చేస్తున్నరా?” అని ఆమె అడిగింది.

“లేదు, ఇల్లు చూపిస్తున్నాం.”

“ఇగ ఏమున్నదని చూపిస్తరు?”

అడిగి, మా సోఫా మీదే కూర్చుంది.

రూలు తొమ్మిది ప్రకారం ప్రతి హాలుకూ ‘ఏకైక ఆకర్షణ’ ఒకటి ఉండాలి. గోడకు ఒక్కటే పటం, పెద్దది. మా ఇంట్లో దేవుడు కాని పెద్ద పటం ఒక్కటే ఉంది. బదిలీ సభలో ఆఫీసువాళ్లు తీసి, ఫ్రేము కట్టించి ఇచ్చిన మా ఆయన ఫోటో. అందులో ఆయన శాలువా కప్పుకుని, మెడలో బంతిపూల దండతో, కొంచెం దిగులుగా ఉంటాడు. (బదిలీ ఇష్టం లేదు.) దాన్ని గోడ మధ్యలో కొట్టారు. రూలు పదకొండు ప్రకారం కింద ‘వెచ్చని వెలుగు’ కావాలి. వాసనల కొవ్వొత్తి ఉందా అని అధికారి అడిగాడు. లేదన్నాను. ప్రమిద పెట్టమన్నాడు. నేల మీద వెలుతురు సరిగా పడటానికి తెల్ల దుప్పటి పరిపించాడు.

నేను డిగ్రీలో తర్కశాస్త్రం చదువుకున్నాను. ఆ హాలు చూస్తే నాకు ఎక్కడో ఏదో తేడా అనిపించింది. నోరు తెరిచేలోపు ఫోన్‌లో తొంభై నాలుగు మార్కులు వచ్చాయి. జన్మలో ఏ పరీక్షలోనూ నాకు అన్ని రాలేదు. నోరు మూసుకున్నాను.

మా ఆయన సంతోషం పట్టలేక ఆ ఫోటోను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద ఒక వాక్యం రాశాడు: ‘వనపర్తితో బంధం ముగిసింది, అందరూ చూడగలరు.’ ఆ తర్వాత ఫోన్ చార్జింగులో పెట్టి నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి సందు మొదట్లోంచి ఏడుపు వినిపించింది. మల్దకల్ నుంచి మా ఆయన పెద్దమ్మ సుగుణమ్మ, పెదనాయన కురుమయ్య. నోట్లో బ్రష్షుతో మా ఆయనే తలుపు తీశాడు.

“ఓ శేఖరూ... ఎంత పనాయె బిడ్డా...” అంటూ సుగుణమ్మ వచ్చి, తలెత్తి, ఆయన్నే చూసింది. ఏడుపు మంచి ఊపు మీద ఉంది గనక వెంటనే ఆగలేదు. ఇంకో రెండడుగులు వేసి ఆగింది.

“నువ్వు... ఉన్నవారా?”

“ఉన్న పెద్దమ్మా. యాడికి పోత?”

“మరి ఫోటోకు దండెందుకేసిన్రు?”

“అది ఆఫీసోళ్లు ఏసిన్రు.”

కురుమయ్య కండువా దులుపుకున్నాడు. “గడపకు పసుపు లేదు. వాకిట్ల ముగ్గు లేదు. దీపం పెట్టిన్రు, తెల్ల దుప్పటి పరిసిన్రు. ఇంగేం సమజ్ కావాలెరా మాకు?”

“మల్దకల్ల మొదలుపెట్టిన ఏడ్సుడు,” అంది సుగుణమ్మ. “గద్వాల దాటినంక కండక్టరు ఆధార్ కార్డు సుత అడగలే, ఊకెనే ఆడోళ్లకిచ్చే జీరో టికెట్ చేతుల పెట్టిండు. ఎవ్వరో పిల్ల లేసి సీటిచ్చింది. తీరా వస్తే నువ్వు పేస్టు నోట్ల పెట్టుకొని నిలవడ్డవు!”

మా ఆయన క్షమాపణ చెప్పాడు. (బతికున్నందుకు.)

వాళ్లు అన్నం తిన్నారు. వెళ్లేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. పరామర్శకు వచ్చినవాళ్లు ‘పోయొస్తం’ అనకూడదు. మామూలుగా వచ్చినవాళ్లు అనకపోతే తప్పు. తాము ఎందుకు వచ్చినట్టో తేలక సుగుణమ్మ గేటు దగ్గర చాలాసేపు నిలబడి, చివరికి చేయి ఊపి వెళ్లింది.

బంధువులతో పోతే బాగుండేది. కొనేవాళ్లు కూడా అదే ఫోటో చూస్తున్నారు. యాప్‌లో మొదటి నంబరు మా ఆయనది, రెండోది నాది. పోయినాయన నంబరుకు ఎవరు చేస్తారు? నా ఫోన్ మోగడం మొదలైంది. ఇంటి ధర అడిగినవాళ్లు లేరు. అందరిదీ ఒకటే మొదటి ప్రశ్న.

“ఏ నచ్చత్రంల పోయిండమ్మా?”

చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఇల్లు కొన్ని నెలలు తాళం వేయాలి కదా. ధనిష్ఠ అయితే ఆరు నెలలు. వాళ్ల లెక్క వాళ్లది, నా లెక్క జూన్ రెండో వారం.

“ఎవరూ పోలేదండీ,” అన్నాను.

“అమ్మేటోళ్లు గట్లనే అంటరు తల్లీ. మేమేం అనుకోం, నిజం చెప్పు.”

ఒకాయనకు నిజం చెప్పడానికి ఫోన్ మా ఆయన చేతికే ఇచ్చాను. “నేను శేఖర్‌ను మాట్లాడుతున్న. బతికే ఉన్న,” అన్నాడు గట్టిగా.

అవతలి నుంచి ఓదార్పు వచ్చింది. “తమ్ముడివా? గొంతు అచ్చం మీ అన్న లెక్కనే ఉన్నది. ధైర్యంగుండు.”

ఫోటో మార్చేద్దామంటే కుదరదు. తొంభై దాటిన ఫోటోలు ‘శ్రేష్ఠ’ జాబితాలో చేరతాయి, ముప్పై రోజులు ఎవరూ ముట్టరాదు. యాప్ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. గీత అనే అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

“సార్ బతికే ఉన్నట్టు ఫోటో కింద పెట్టండమ్మా,” అన్నాను.

“తప్పకుండ మేడం. సార్‌ది జీవన ధ్రువీకరణ పత్రం అప్‌లోడ్ చెయ్యండి.”

“అది పెన్షన్ వాళ్లకు ఇస్తారమ్మా. ఈయన ఇంకా రిటైరు కాలేదు.”

“మరి సార్ ఈ రోజు పేపర్ పట్టుకొని ఇంటి ముందర నిలవడ్డ ఫోటో పంపండి.”

పంపాం. గంటలో తిరస్కరించారు. రూలు రెండు: ఇంటి ఫోటోలలో మనుషులు కనిపించరాదు. మళ్లీ ఫోన్ చేశాను.

“అసలు ఆయన సంగతి ఎందుకమ్మా? ఇల్లు నా పేరు మీద ఉంది. యజమానిని నేను. నేను బతికే ఉన్నాను, ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాను.”

కీబోర్డు చప్పుడు వినిపించింది. “మేడం, సార్ ఫోన్ మీద ఖాతా తెరిసిన్రు కాబట్టి సారే యజమాని. మిమ్మల్ని ‘ఇతర వివరాలు’ కింద ఎంట్రీ చేసిన్రు.”

వెతికాను. నిజమే. కరెంటు మీటరుకూ డ్రైనేజీ కనెక్షనుకూ మధ్యలో ఉన్నాను. సాయంత్రానికి గీత తన పరిధిలో చేయగలిగింది చేసింది. మా లిస్టింగ్ కింద ఎర్రక్షరాల్లో ఒక వరుస వచ్చింది: ‘యజమాని మరణించలేదు (పరిశీలనలో ఉంది).’

ఆ వరుసను నమ్మినవాళ్లు లేరు గానీ, ఆ తర్వాత నిజంగా కొనాలనుకున్నవాళ్లు కూడా ఫోన్ చేయడం మొదలుపెట్టారు. పదకొండు రోజులు ఎవరైనా నాతోనే మాట్లాడారు. బోరు లోతు నన్నే అడిగారు. పడమటి గోడకు వానాకాలం చెమ్మ వస్తుందని చెబితే ‘మంచి మాట చెప్పినవమ్మా’ అన్నారు. నేను మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అందుకోలేదు. ఇది ఇంతకు ముందు ఎప్పుడూ జరగలేదు గనక నమోదు చేస్తున్నాను.

పదకొండో రోజు మధ్యాహ్నం గద్వాల నుంచి యోసేపు వచ్చాడు. ఇరవై ఏళ్లు పుణెలో మేస్త్రీ పని చేసి తిరిగొచ్చినాయన. పిల్లల చదువుకని వనపర్తిలో ఇల్లు వెతుకుతున్నాడు. రేణుకమ్మ వరండా నుంచి ఒక కుర్చీ తెప్పించి వేశాను.

“నచ్చత్రాల పట్టింపు మాకు లేదక్కా. గోడ సంగతి చెప్పు,” అన్నాడు. ప్రతి గోడనూ వేలి కణుపుతో కొట్టి చూశాడు. స్లాబుకు ఏ సిమెంటు వేశారు, ఏ నెలలో బోరు నీళ్లు సన్నబడతాయి, ట్యాంకు ఎన్ని రోజులకోసారి కడుగుతారు, అన్నీ అడిగాడు. అన్నీ చెప్పాను. వంటింట్లోకి వెళ్లి, “ఈడ కిటికీ కొట్టొచ్చక్కా, ఇది బరువు మోసే గోడ గాదు. రెండు రోజుల పని,” అన్నాడు. నేను ఆ గోడను చూశాను. అది నాతో ఆ మాట ఒక్కసారీ అనలేదు. గంటలో ధర కుదిరింది. నేను చెప్పిన ధరే.

అప్పుడే కొత్త ఆఫీసు నుంచి నాగర్‌కర్నూల్ బస్సు దిగి మా ఆయన లోపలికొచ్చాడు. యోసేపు ఆయన్ని చూశాడు, గోడ మీది ఫోటోను చూశాడు, మళ్లీ ఆయన్ని చూశాడు.

“దేవునికి స్తోత్రం,” అని, కుర్చీని ఆయన వైపు తిప్పుకున్నాడు. “సార్, బోరు ఎన్ని ఫీట్లు?”

మా ఆయన నా వైపు చూశాడు. “ఎంత?”

“రెండు వందల ఎనభై.”

“రెండు వందల ఎనభై,” అని యోసేపుకు చెప్పాడు.

“గట్ల చెప్పు సార్,” అని యోసేపు తృప్తిగా తలూపాడు. స్లాబు సంగతి, ట్యాంకు సంగతి కూడా అదే దారిలో నా నుంచి ఆయన మీదుగా యోసేపుకు చేరాయి. ధర కూడా మళ్లీ కుదిరింది. ఈసారి కొంచెం తగ్గింది.

బడులు తెరవడానికి నాలుగు రోజుల ముందు రిజిస్ట్రేషన్ అయింది. వేలిముద్రలు నావి తీసుకున్నారు, చేతులు మా ఆయనతో కలిపారు. నాగర్‌కర్నూల్ ఇల్లు దక్కింది. వంటగది కిటికీ లోంచి ఎదురింటివాళ్ల వంటగది గోడ కనిపిస్తుంది.

ఆ వారమే ‘సొంతగూడు’ వారు ఒక సందేశం పంపి, తమ సేవలపై అభిప్రాయం రాయమని కోరారు. అయిదు చుక్కలు ఇచ్చి నిజాయితీగా రాశాను: ‘మా ఆయన లేని ఆ పదకొండు రోజులూ అందరూ నాతో ఎంతో బాగా మాట్లాడారు.’

వెంటనే జవాబు వచ్చింది. నా అభిప్రాయానికి ధన్యవాదాలు, దాన్ని ఆమోదం కోసం యజమాని ఫోన్‌కు పంపించారట.