వెల్డన్ క్రౌడర్ చిన్న పికప్పు ఎక్కిన రోజు

ఆ గురువారం పొద్దున వెల్డన్ క్రౌడర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెళ్ళానికి తెలియకుండా పట్నం వెళ్లాలి, ఒక మధ్యరకం పికప్పు ట్రక్కు నడిపి చూడాలి, భోజనం వేళకి ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి.

"ఎక్కడికి?" అంది నెల్డా, పెనం మీద గుడ్లు తిప్పుతూ.

"దాణా కొట్టుకి."

"నిన్నేగా వెళ్లొచ్చావు?"

"ఆవులు ఇవాళ కూడా తింటాయే," అని టోపీ పెట్టుకుని బయటపడ్డాడు. సెల్ ఫోను ఎప్పటిలాగే వంటింటి బల్ల మీద వదిలేశాడు.

టెక్సస్‌లో పశువుల మనిషి పరువంతా పెద్ద పికప్పులోనే ఉంటుంది. మా డ్రై ఫోర్కు ఊళ్లో అయితే మరీను. వెల్డన్ తాత పెద్దదే నడిపాడు, తండ్రి అంతకన్నా పెద్దది నడిపాడు. వెల్డన్‌ది ఎర్రది, ఎక్కాలంటే గుర్రం ఎక్కినట్టు కాలెత్తాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. నిరుడు నెల్డాకి మోకాలి ఆపరేషన్ అయింది. అప్పట్నుంచి ఆవిడ ఆ బండి ఎక్కడం మానేసింది. ఆదివారం చర్చికి మొగుడూ పెళ్ళాం రెండు బండ్లలో వస్తున్నారు, ముందు ఆయన, వెనక తన పాత కారులో ఆవిడ. పశువుల వేలానికి ఆయనొక్కడే పోతున్నాడు.

పక్క సీటు వైపు చూసినప్పుడల్లా వెల్డన్‌కి గుండెలో కలుక్కుమనేది. కానీ అలాంటి మాట పైకి అనడం వాళ్ల వంశంలోనే లేదు. అందుకని ఓ రోజు చెక్క స్టూలొకటి తెచ్చి, బండి పక్కన పెట్టి, మారు మాట్లాడకుండా కొట్టంలోకి వెళ్లిపోయాడు. నెల్డా ఆ స్టూలు మీద పూలకుండీ పెట్టింది.

ఇక ఆలోచనలో పడ్డాడు పాపం. పెద్దది ఉంచుకుంటే పెళ్ళాం ఎక్కదు. మధ్యరకం కొంటే పశువుల ట్రైలర్లో సగం బరువే లాగుతుంది, ఊరు నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ అనుకుని ఆ పొద్దున బయల్దేరాడు.

"నీ బండి ఇక్కడుంచి, దీన్ని సాయంత్రం దాకా తిప్పుకో బాబాయ్," అన్నాడు షోరూములో మనిషి. వెల్డన్ అటు వెళ్లగానే ఆ పెద్దమనిషి, లోపల చోటు చాలక, ఎర్రబండిని తీసుకుపోయి రోడ్డు పక్కన అమ్మకానికి పెట్టిన వరసలో నిలబెట్టాడు.

మా వైపు ఎదురొచ్చిన ప్రతి బండికీ స్టీరింగు మీద నుంచి చూపుడువేలు లేపడం మర్యాద. అయితే మేం మొహాలు చూడం, బండ్లు చూస్తాం. వెల్డన్ దారి పొడుగునా వేలు లేపుతూనే ఉన్నాడు. ఒక్కడూ తిరిగి లేపలేదు. చిన్నప్పట్నుంచి కలిసి తిరిగిన దాణా కొట్టు ఓరిన్ కూడా ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూసి పోయాడు. "బతికుండగానే ఇదేం ఖర్మరా," అని వెల్డన్ టోపీ కళ్లమీదికి లాక్కున్నాడు.

ఎందుకైనా మంచిదని, నెల్డా మోకాలికి వైద్యం చేసిన ఆస్పత్రి దగ్గర ఆగాడు. ఆవిడ ఎంత ఎత్తు ఎక్కగలదో నర్సుని అడిగి, టేపుతో ఆ ఎత్తు చూసుకుని, బయటికొచ్చి చిన్నబండి తలుపు తీస్తుంటే ఈవాలీన్ ఎదురైంది. మా చర్చిలో ఫోను ప్రార్థనలు నడిపేది ఈవిడే. ఎవరికి కష్టమొచ్చినా ఈవిడ ఒకరికి ఫోను చేస్తుంది, ఆ ఒకరు ఇంకొకరికి చేస్తారు, ఊరంతా మోకరిస్తుంది. ప్రశ్నలు మాత్రం అడగకూడదు, అది నియమం.

"వెల్డన్! నువ్వేనా? ఈ బండేమిటి? ఆస్పత్రిలో నీకేం పని?"

"ఏం లేదు. నెల్డాకి మాత్రం చెప్పకు ఈవాలీన్, నీకు పుణ్యముంటుంది."

"దేవుడా! ఎన్నాళ్లనుంచి?"

"నిరుటి నుంచి," అన్నాడు వెల్డన్, ఖాళీ సీటు గుర్తొచ్చి. కళ్లలో నీళ్లు తిరిగాయి. "దుమ్ము," అని చెప్పి గబగబా బండెక్కాడు.

ఈవాలీన్ అక్కడే నిలబడి ఫోను తీసింది. కబురు మొదటి ఇంటికి చేరేసరికి వెల్డన్‌కి ఒంట్లో బాగాలేదు. నాలుగిళ్లు దాటేసరికి డాక్టర్లు చేతులెత్తేశారు. ఓరిన్ దగ్గరికి వచ్చేసరికి ఇక అనుమానానికి చోటే లేకపోయింది, ఎందుకంటే ఓరిన్ అప్పుడే షోరూము ముందు నుంచి కొట్టుకి వచ్చాడు.

"బండి అమ్మేశాడు!" అని అరిచాడు ఓరిన్. "నా కళ్లతో చూశాను! అమ్మకానికి పెట్టేశాడు!"

కొట్టులో ఉన్నవాళ్లంతా కొయ్యబారిపోయారు. ఒంట్లో ఊపిరుండగా మా వాళ్లెవరూ పెద్ద బండి అమ్మరు. ఓరిన్ ఆగలేక మళ్లీ షోరూముకి పోయాడు. "చచ్చేవాడి బండి మీద బేరమా? తాళం ఇస్తావా, ఊరంతా వచ్చి ఇక్కడ కూర్చోమంటావా?" అని గుడ్లురిమాడు. అక్కడి మనిషి హడలిపోయి తాళం ఇచ్చేశాడు.

ఇక్కడ నెల్డా తలుపు తీస్తే ఎదురుగా పక్కింటావిడ, చేతుల్లో చీజు వేసి ఓవెన్లో కాల్చిన చికెను గిన్నె. గిన్నె చేతిలో పెట్టి, ఒక్క మాటా అనకుండా కావలించుకుని, బావురుమని వెళ్లిపోయింది. నెల్డాకి చెప్పొద్దన్నారుగా మరి. వెనకాలే ఇంకొకావిడ బంగాళదుంపల గిన్నెతో వచ్చి, ఆవిడా ఏడ్చింది. బల్ల నిండిపోయింది. చావింటికి తప్ప మా ఊళ్లో ఇన్ని గిన్నెలు రావు.

ఇంతలో పాస్టరు గారొచ్చారు. "నెల్డమ్మా, వెల్డన్‌కి ఏ కీర్తన ఇష్టం?"

"ఏదీ ఇష్టం లేదండీ, చర్చిలో నిద్రపోతాడు. ఏం, ఎందుకు?"

పాస్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే ఎర్రబండి గేటు దాటి వచ్చింది. దిగింది మాత్రం ఓరిన్. పాస్టరు గారిని చూసి టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. ఒకడి బండిని ఇంకొకడు ఇంటికి తెచ్చి, టోపీ తీసి నిలబడితే మా దగ్గర దానికి ఒకటే అర్థం.

నెల్డా గుమ్మం దాటొచ్చింది. "ఎక్కడున్నాడు?"

"ఆస్పత్రి దగ్గర చూశారట... వదినా, అది కాదు, ఒక్కమాట..."

ఎవరు వింటారు? ఆవిడ ఓరిన్‌ని పక్కకి నెట్టి, ఒక్క ఊపున ఎర్రబండి ఎక్కి, దడాల్న తలుపేసుకుంది. చక్రాలు రేపిన దుమ్ములోంచి పాస్టరు గారు, అప్పుడే వచ్చిన ఈవాలీన్, గిన్నెలు తెచ్చినవాళ్లు, ఓరిన్, తలో బండీ ఎక్కి వెంటపడ్డారు. శవయాత్రకి వెళ్లినట్టే పట్టపగలు లైట్లు వేసుకున్నారు, అలవాటు కొద్దీ.

వాగు మీది వంతెనకి ఒక్క బండి పట్టేంత దారే. దాని మధ్యకి ఒక చిన్న పికప్పు ఎదురొచ్చింది. నెల్డా హారను మీద చెయ్యి తియ్యలేదు.

"ఎవడ్రా ఆ బుల్లిబండి వాడు! వెనక్కి తియ్యి! అక్కడ నా మొగుడు పోయాడు!"

తన బండిని ఎవరో దొంగిలించారని ఉగ్రుడై దిగాడు వెల్డన్. దిగి, స్టీరింగు వెనక ఎవరున్నారో చూసి నిలువునా నీరైపోయాడు. నెల్డా కూడా కిందికి దూకింది.

"నువ్వు... ఉన్నావా?"

"అందులోకి ఎలా ఎక్కావే?"

"ముందు నేనడిగినదానికి చెప్పు!"

"ఉన్నట్టే ఉన్నాను. మరి మోకాలు?"

"క్రిస్మస్‌కే తగ్గిపోయింది!"

"మరి ఇన్నాళ్లూ ఎందుకు రాలేదే?"

"ఒక్కసారి 'రా' అన్నావా? స్టూలు పడేసి పోయావు! ముసలి గొడ్డుకి మెట్టు వేసినట్టు! పక్కన నేనుండాలని ఉంటే మనిషి నోరు తెరిచి అడుగుతాడు కదా అని చూశాను. చూసి చూసి ఊరుకున్నాను," అంటూ అతని చొక్కా పట్టుకుని ఏడ్చేసింది.

వెల్డన్ ఆవిడ భుజం మీంచి చూశాడు. వంతెన అవతల ఊరంతా లైట్లు వేసుకుని నిలబడి ఉంది. పారిపోవడానికి దారి లేదు. టోపీ తీశాడు.

"నీ కోసమేనే ఈ చిన్నది చూశాను. పరువు పోతే పోనీ అనుకున్నాను. ఆ సీట్లో నువ్వు లేకపోతే నాకు ఎక్కడికీ వెళ్లబుద్ధి కావట్లేదు. నాతో రావే, నెల్డా."

ఈవాలీన్ పాస్టరు గారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెల్డన్ నోట ఇంత పొడుగు మాట పెళ్లినాడు కూడా ఎవరూ వినలేదు. ఆ రోజూ "సరే" అన్నాడంతే.

నెల్డా కళ్లు తుడుచుకుని ఎర్రబండి వైపు నడిచింది. స్టీరింగు ముందు మళ్లీ ఎక్కి కూర్చుంది.

"వచ్చానుగా. ఇక ఎక్కు."

"అది నా సీటే."

"అందుకే అటువైపు నుంచి ఎక్కు."

చిన్న పికప్పుని ఓరిన్ షోరూములో అప్పజెప్పి వచ్చాడు. వచ్చిన గిన్నెలన్నీ వచ్చినవాళ్లే కూర్చుని ఖాళీ చేశారు. ఆదివారం చర్చి ముందు ఎర్రబండి ఆగితే, పక్క సీటు తలుపు తీసుకుని వెల్డన్ దిగడం చూసి జనం నోళ్లు వెళ్లబెట్టారు.

"ఇంతకీ చివరికి ఏ బండి ఎంచుకున్నావు వెల్డన్?" అని పాస్టరు గారు అడిగారు.

"ఎంచుకోవడమా? ఎక్కమన్నదాంట్లో ఎక్కానండీ," అన్నాడు.