లామినేషన్ చేసిన విద్యార్థిని

ఆ పొద్దున కూతురు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలేజీ ఐడీ కార్డును కెమెరాకు చూపించాలి, కోడు రాసే సాఫ్ట్‌వేరును విద్యార్థుల కోటాలో ఉచితంగా తెచ్చుకోవాలి, సాయంత్రంలోగా ఫైనలియర్ ప్రాజెక్టు ముగించి పంపాలి. పంపకపోతే ఏడాది పోతుంది. పోనీ కొనుక్కుందామంటే దాని ధర వింటేనే కళ్లు తిరుగుతాయి.

కాలేజీ గేటు లోపలే ఆమె తండ్రి కొట్టు. విద్యార్థులంతా ఆయన్ని జెరాక్స్ బాబాయ్ అంటారు. ఆయనకు ఎవరి మీదైనా ప్రేమ పొంగితే నోట మాట రాదు. వాళ్ల వస్తువు ఏది దొరికితే దానికి లామినేషన్ చేసిపెడతాడు. కూతురి ఐడీ కార్డు మీద ఆ ప్రేమ రెండు పొరలుగా ఉంది.

కొట్టులోని కంప్యూటరు ముందు కూర్చుని ఆమె కార్డు చూపించింది. కెమెరాకు అందులో ట్యూబులైటు తప్ప ఇంకేమీ కనబడలేదు. 'కార్డు స్పష్టంగా లేదు' అని తిప్పికొట్టింది.

"లైటు ఆర్పు నాన్నా."

ఆర్పాడు. ఈసారి కార్డూ కనబడలేదు, కూతురూ కనబడలేదు.

"అసలు రెండుసార్లు ఎందుకు చేశావు?"

"వానలో తడుస్తుందేమోనని తల్లీ."

"నేను చదివేది కంప్యూటర్లు నాన్నా, చేపలు పట్టడం కాదు!"

ఆయన చిన్నబుచ్చుకుని, "ఉండు, ఊడదీస్తా" అంటూ బ్లేడు తీశాడు. పొర ఊడింది. దాంతోపాటు కూతురి పేరూ, మొహంలో చాలా భాగమూ ఊడివచ్చాయి. మిగిలిన చెవిని కెమెరాకు చూపిస్తే, 'ఈ వ్యక్తి విద్యార్థి అని నిర్ధారణ కాలేదు' అని జవాబొచ్చింది.

ఇద్దరూ కాలేజీ ఆఫీసుకు పరుగెత్తారు. గుమాస్తా ఆ కార్డును తిప్పి తిప్పి చూశాడు.

"కొత్తది కావాలంటే పాతది మాకిచ్చెయ్యాలి."

"ఇదేనండీ పాతది."

"ఇది ఈ అమ్మాయిదని ఏమిటి గ్యారంటీ? పేరు లేదుగా."

"పోనీ, మా అమ్మాయి ఇక్కడే చదువుతోందని ఓ కాగితం ఇప్పించండి బాబూ" అని తండ్రి బతిమాలాడు.

"అలాగే. ఐడీ కార్డు చూపించండి."

కొట్టుకు తిరిగొచ్చి కెమెరాకు హాల్ టికెట్టు చూపిస్తే, అందులో నవ్వుతున్న పిల్లకూ ఎదురుగా ఏడుపు మొహంతో ఉన్న పిల్లకూ పోలిక కుదరలేదు. 'ఇక వచ్చే వారం ప్రయత్నించండి' అని అదీ తలుపు మూసేసింది.

కూతురు బల్ల మీద తల వాల్చేసింది. పిల్ల ఏడాదిని తన చేతులతో తనే పాడుచేశానని తండ్రి కుమిలిపోయాడు. ఏం చెయ్యాలో తోచక, "తప్పు ఈ కెమెరాదేనేమో, చూద్దాం" అంటూ తన పేరుతో ఖాతా తెరిచి తన కార్డు పెట్టాడు. వాచ్‌మన్ అడ్డుపడకుండా కాలేజీ వాళ్లిచ్చిన కార్డది. దాని మీద కాలేజీ ముద్ర, ఆయన ఫొటో, కింద 'స్టాఫ్' అన్న మాట ఉన్నాయి. దానికి ఆయన ఎన్నడూ లామినేషన్ చేసుకోలేదు.

వెంటనే జవాబొచ్చింది. 'అధ్యాపకులకు స్వాగతం. మీ దరఖాస్తును ఆమోదించాం. మీ విద్యార్థులను క్లాసులో చేర్చుకోండి, వారికీ ఉచితమే.'

కూతురు చివ్వున తలెత్తింది.

"నన్ను చేర్చుకో నాన్నా, త్వరగా!"

"క్లాసులో నాన్న ఏమిటమ్మా? సారూ అను."

"నాన్నా!"

"సరేలే, చేర్చుకుంటున్నా."

ప్రాజెక్టు సాయంత్రానికల్లా వెళ్లిపోయింది. సంగతి పొక్కి, మర్నాడు ఆమె తోటివాళ్లంతా కొట్టు ముందు బారులు తీరారు. అడిగిన రోజే పని చేసిపెట్టే అధ్యాపకుడు ఆ కాలేజీలో ఆయనొక్కడేనని వాళ్ల అభిప్రాయం.