పద్నాలుగు మందిమి వెళ్ళి చూసొచ్చిన స్నానం

సేవ చేయడానికేముందండీ, ఎవరైనా చేస్తారు. సేవను చూడటమే కష్టం! దానికి పాస్‌పోర్టు కావాలి, వీసా కావాలి, మెడలో వేలాడే కార్డు కావాలి, మోకాలికి పట్టీ కావాలి. చేసేవాళ్ళకు ఇవేమీ అక్కర్లేదు. నడుం వంగితే చాలు.

మా అత్తగారు మంచం పట్టినప్పుడు ఆరేళ్ళపాటు నేనే స్నానం చేయించాను. ఒక్కరంటే ఒక్కరు విమానమెక్కి చూడటానికి వచ్చారా? పక్కింటావిడ గోడ మీంచి కూడా తొంగిచూడలేదు. చూసేవాళ్ళు లేక అదంతా ఉత్త ఇంటిపనిగా మిగిలిపోయింది. ఇప్పుడు కాలం మారింది, సంతోషం.

ఈ సంతోషం నాకు కలిగించింది మా వియ్యపురాలు. ఆవిడ ఒక సేవాసంఘానికి ప్రెసిడెంటు. ఆ సంఘంవాళ్ళు ఏటా ఒక దేశం వెళ్ళి, అక్కడ తమ వీధిలో తాము మంచిపనులు చేసుకునే మామూలు మనుషుల్ని చూసి వస్తారు. ఈ ఏడు ఎవరికో కాలు బెణికి ఒక సీటు ఖాళీ అయింది.

"మీరు రండి వదినగారూ. ఏమీ చేయక్కర్లేదు, ఊరికే చూడటమే" అంది వియ్యపురాలు.

ఏమీ చేయక్కర్లేదన్న మాట డెబ్బై ఒక్కేళ్ళలో మొదటిసారి నా చెవిన పడింది. ఆ పూటే పెట్టె సర్దాను.

నాతో కలిపి పద్నాలుగు మందిమి. మేం చూడవలసినావిడ ఒకప్పుడు ఆసుపత్రిలో ఆయా. రిటైరయ్యాక తన వీధిలో మంచం పట్టి, చూసే దిక్కులేనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానాలు చేయిస్తోంది. రోజుకు నలుగురు. ఏ రోజు ఎవరి వంతో తన వంటగది తలుపు మీద సుద్దముక్కతో రాసుకుంటుంది. అంతే, ఆవిడ ఆఫీసు ఆ తలుపే.

ఇక మాలాంటి బృందాల వల్ల అక్కడ ఎంత మేలు జరుగుతోందో వినండి. మా బస్సు ఆగినచోట నాలుగంతస్తుల ఇల్లు. కింది గదిలో ఒక ముసలాయన, ఒకప్పటి దర్జీ. ఎవరు వచ్చినా ఆయన స్నానమే చూపిస్తారు. మెట్లెక్కే బాధ లేదు, కిటికీలోంచి వెలుతురు ఫోటోకు సరిగ్గా పడుతుంది. ఆ వారంలో మాది మూడో బృందం. ఆయనంత శుభ్రమైన మనిషిని నేను ఏ దేశంలోనూ చూడలేదు. నేను చూసింది రెండు దేశాలే అనుకోండి.

నడుముకు దుప్పటి చుట్టి భుజాల మీద నీళ్ళు పోస్తుంటే ఆయన ఏదో అన్నాడు. మాకు తోడుగా వచ్చిన దుబాసీ అమ్మాయి మన భాషలో చెప్పింది.

"మొన్న పోశారు, నిన్న పోశారు. ఇంకో బృందం వచ్చిందంటే నా రంగు వెలిసిపోతుంది, నేను కుట్టిన చొక్కాలే నయం అంటున్నారు."

"చూశారా, ఎంత హుషారుగా ఉన్నారో" అంది మా వియ్యపురాలు. "అంతా సేవ మహిమ."

మా టీమ్ లీడరు రిటైరైన హెడ్మాస్టరు. "అమ్మా, ఆ చెంబు మళ్ళీ ఒక్కసారి ఎత్తండి, ఇందాక నా వేలు అడ్డొచ్చింది" అన్నాడు. ఆయా ఎత్తింది. మూడోసారి ఎత్తేసరికి చెంబులో నీళ్ళు లేవు.

"పర్లేదులెండి, ఫోటోలో తెలీదు" అన్నాడు.

అప్పుడే గోడలోని నీళ్ళ గొట్టం మీద టంగు టంగుమని చప్పుడు మొదలైంది.

"పాత ఇళ్ళు కదా, గొట్టాలు అలాగే మోగుతాయి" అన్నాడు హెడ్మాస్టరు. ఆయనకు తెలియని సంగతి లేదు.

"గొట్టం కాదండీ" అంది దుబాసీ అమ్మాయి. "నాలుగో అంతస్తు మామ్మగారు, గరిటెతో కొడుతున్నారు. ఆవిడ వంతు మంగళవారం. ఆ రోజు ఒక బృందం వచ్చింది. బుధవారం ఇంకొకటి. ఇవాళ మీరు. ఆవిడ స్నానం చేసి తొమ్మిది రోజులైంది. వేడినీళ్ళు ఈ కింద పంపులోనే వస్తాయి, అదీ పన్నెండు దాకా. పైకి మోసుకుపోవాలి."

గడియారం పదకొండూ ఐదు చూపిస్తోంది. అందరం ఒక్కసారిగా అయ్యో అన్నాం. పద్నాలుగు అయ్యోలు! పరాయిదేశంలో ఒక ముసలావిడకు అంతకంటే ఏం కావాలి?

అయ్యో అయ్యాక ప్రోగ్రాం ప్రకారం బ్యానరు కట్టాం. జ్ఞాపిక ఇచ్చాం. హెడ్మాస్టరు మార్పు అనేది కిందినుంచి మొదలవ్వాలని పావుగంట మాట్లాడాడు. పైనుంచి చప్పుడు వస్తూనే ఉంది. అది తాళంలా కుదిరిందని మావాళ్ళలో ఒకాయన మెచ్చుకున్నాడు కూడా.

తర్వాత ప్రశ్నలు. మీకు స్ఫూర్తి ఎవరు? మీ భవిష్యత్ ప్రణాళిక ఏమిటి? ఆయా చేతులు తుడుచుకుంటూ, గడియారం చూసుకుంటూ జవాబులు చెప్పింది.

"ఆఖరి ప్రశ్న" అంది మా వియ్యపురాలు. "మీ సేవకు అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఏమిటమ్మా?"

ఆయా మా పద్నాలుగు మంది మొహాలూ ఒక్కొక్కటే చూసింది.

"మెట్లు" అంది.

ఎంత మర్యాదస్థురాలో!

పన్నెండుకు ఇరవై నిమిషాలుంది. సెల్ఫీల కోసం అందరూ ఫోన్లు పైకెత్తారు. నాకు ఫోను లేదు. ఆ గదిలో ఖాళీగా ఉన్న చేతులు నావే. ఆయా నా మొహం కూడా చూడలేదు, పంపు కింద సగం నిండిన బకెట్టు తీసి నా చేతికిచ్చి, తాను నిండు బకెట్టుతో మెట్లెక్కింది. దుబాసీ అమ్మాయి తువ్వాలు, సబ్బు పట్టుకుని వెనకాల.

రెండో అంతస్తులో కూలబడ్డాను. మూడో అంతస్తులో నా మోకాళ్ళను నేనే తిట్టుకున్నాను. నా సగం బకెట్టులో పావు వంతు నీళ్ళు మెట్లకే స్నానం చేయించాయి.

పైన మామ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది. తల దువ్వుకుంది. ఇస్త్రీ బట్టలు కట్టుకుంది. ఫోటో తీసేవాళ్ళు వస్తేనే నీళ్ళు పోస్తారని ఆవిడకు ఈ వారంలో అర్థమైపోయింది మరి. నా వెనక గుమ్మం వైపు చూసింది.

"మీరొక్కరేనా? ఎంతమంది వచ్చారు?"

"పద్నాలుగు మంది" అన్నాను, కాస్త గొప్పగానే.

మామ్మ ఏదో గొణిగింది. దుబాసీ అమ్మాయి కాసేపు నసిగింది.

"చెప్పమ్మా, పర్లేదు."

"తలా ఒక చెంబు పట్టుకొచ్చినా నా పని అయిపోయేది కదా, అంటున్నారు."

ఇద్దరం కలిసి నీళ్ళు పోశాం. వీపు మీద చెయ్యి పెడితే ఆవిడ కళ్ళు మూసుకుంది. మా అత్తగారూ అంతే, వీపు దగ్గరే కళ్ళు మూసుకునేది. తలకు పోసేసరికి నీళ్ళు అయిపోయాయి. ఆయా మళ్ళీ కిందికి పరుగెత్తింది గానీ అప్పటికి పన్నెండు దాటింది, పంపులో చల్లనీళ్ళు. తల వచ్చే వారానికి వాయిదా. వచ్చే వారం రెండు బృందాలున్నాయట.

కింద బస్సు హారను మోగుతోంది. "ఎక్కడికెళ్ళిపోయారు వదినగారూ?" అంది వియ్యపురాలు, నా తడిసిన బట్టలు చూసి మొహం చిట్లిస్తూ. "గ్రూప్ ఫోటోలో మీరొక్కరే లేరు."

కాబట్టి మీరూ తప్పక వెళ్ళండి. సేవను కళ్ళారా చూడండి. ఒక్కటే జాగ్రత్త, ఫోను చేతిలోంచి దించకండి. చేతులు ఖాళీగా కనబడ్డాయంటే, అక్కడివాళ్ళకు మొహమాటం లేదు, బకెట్టు ఇచ్చేస్తారు.